నవంబర్ 1న గంట వెనక్కి: పసిపిల్లల నిద్రవేళలు ఎలా సర్దాలి?

ఫ్రిస్కో_అమ్మ (డల్లాస్)

ఈ ఏడాది (2026) నవంబర్ 1 ఆదివారం తెల్లవారుజామున 2 గంటలకి అమెరికాలో డేలైట్ సేవింగ్ టైమ్ (మార్చిలో గడియారం గంట ముందుకి జరిపే పద్ధతి) ముగిసి గడియారం మళ్లీ 1 అవుతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు.

బాబుకి 11 నెలలు. ఉదయం 6కి లేస్తాడు, 9:15కి ఒక నిద్ర, మధ్యాహ్నం 2కి ఇంకో నిద్ర, రాత్రి 7కి పడక. పాపకి 4 ఏళ్లు. పగలు పడుకోదు, రాత్రి 9:30కి పడుకుంటుంది, స్కూలు కోసం 7:15కి అలారం పెట్టి లేపాలి.

ఎన్ని రోజుల ముందు మొదలుపెట్టాలి? రోజుకి ఎంత జరపాలి? పగటి నిద్రలు కూడా జరపాలా, రాత్రి పడక ఒక్కటీ జరిపితే చాలా?

జోలాలి

ముందు ఒక మాట. ఇలాంటి చర్చల్లో "ముందుకి జరపండి", "వెనక్కి జరపండి" అని రాస్తే ఒకళ్లకి ఒకలా, ఇంకొకళ్లకి ఇంకోలా అర్థమవుతుంది. గడియారం వెనక్కి వెళ్లినప్పుడు పిల్లల నిద్ర జరపాల్సింది ఆలస్యం వైపు. అందుకే "పెందలాడే", "ఆలస్యంగా" అనే మాటలే వాడుకుందాం.

మీ బాబు సంగతి. ఏమీ చేయకపోతే ఆదివారం కొత్త టైమ్ ప్రకారం 5కి లేస్తాడు, సాయంత్రం 6కల్లా కళ్లు మూతలు పడతాయి. ఇది తప్పించాలంటే ఎనిమిది రోజులు కావాలి, రెండు రోజులకి 15 నిమిషాల చొప్పున. అక్టోబర్ 24, 25 తేదీల్లో పడక 7:15కి. 26, 27లో 7:30కి. 28, 29లో 7:45కి. 30, 31లో 8కి. ఆదివారం గడియారం మారగానే ఆ 8 కాస్తా 7 అవుతుంది.

పగటి నిద్రలు, తిండి, స్నానం అన్నీ ఆ 15 నిమిషాలూ జరగాలి. రాత్రి పడక ఒక్కటే జరిపితే బాబు రెండో నిద్ర లేచాక మామూలు కన్నా పావుగంట, అరగంట, చివరికి గంట ఎక్కువసేపు మేలుకుని ఉండాల్సి వస్తుంది. 11 నెలల పిల్లలు ఒక నిద్రకీ ఇంకో నిద్రకీ మధ్య మూడు, మూడున్నర గంటలు బాగా ఉండగలరు, రాత్రి పడక ముందు నాలుగు దాకా లాగగలరు. అది దాటితే అలిసిపోయి, పడుకోబెట్టినప్పుడు ఏడుస్తారు, తెల్లవారుజామున ఇంకా పెందలాడే లేస్తారు. ఎక్కువసేపు మేలుకుంటే ఎక్కువసేపు పడుకుంటారు అన్న లెక్క పెద్దవాళ్లది, పసివాళ్లకి సరిపోదు.

ఒక హెచ్చరిక. పడక జరిపిన మర్నాడే లేచే టైమ్ జరగదు, మూడు నుంచి అయిదు రోజులు వెనకబడే ఉంటుంది. మూడో రోజు కూడా 6కే లేచాడని పద్ధతి మానేయకండి. 6:15 దాకా గదిలో లైటు వెయ్యకుండా ఉండడమే మీరు చెయ్యాల్సింది.

వెన్నెల_సియాటిల్

జోలాలి గారు చెప్పిన లెక్క సరైనదే. దానికి వెలుగు తోడవ్వాలి. ఒంట్లోని గడియారాన్ని తిప్పేది ప్రధానంగా కంట్లో పడే వెలుగు. సాయంత్రం వెలుగు నిద్రని ఆలస్యం చేస్తుంది, పొద్దున వెలుగు పెందలాడే చేస్తుంది.

నవంబర్ మార్పుకి మనకి కావాల్సింది ఆలస్యం. కాబట్టి ఆ ఎనిమిది రోజులూ సాయంత్రం హాల్లో లైట్లన్నీ వేసి ఉంచండి, వీలుంటే 5:30, 6 మధ్య బయట తిప్పండి. పడకకి అరగంట ముందు మాత్రం మసక చెయ్యండి. పొద్దున దీనికి సరిగ్గా ఎదురు: లేవాల్సిన టైమ్ దాకా గది చిమ్మచీకటిగా ఉండాలి. చెయ్యి ముఖం ముందు పెట్టుకుంటే వేళ్లు కనపడనంత చీకటి.

చిన్నపిల్లల కళ్లు వెలుగుకి ఎంత తొందరగా స్పందిస్తాయో చాలామందికి తెలియదు. 2018లో కొలరాడో యూనివర్సిటీ బౌల్డర్‌లో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి పడకకి ముందు ఒక గంట 1,000 లక్స్ (వెలుగు కొలత) వెలుగు పెట్టి చూశారు. చీకటి పడుతుంటే ఒంట్లో ఊరే, నిద్ర తెప్పించే మెలటోనిన్ దాదాపు 90 శాతం తగ్గిపోయింది. 4 ఏళ్ల పాపకి నిద్ర రావట్లేదంటే బాత్రూం అద్దం మీది తెల్ల లైటు ముందు చూడండి. పళ్లు తోమేది సరిగ్గా పడక ముందే కదా.

ఇక్కడ సియాటిల్‌లో నవంబర్ 1న సూర్యుడు సుమారు 4:50కే అస్తమిస్తాడు. డల్లాస్‌లో 5:37 ప్రాంతం. డేకేర్ నుంచి తెచ్చేసరికి మాకు చీకటే. మార్పు తర్వాత వారం పాటు ఇల్లు చేరగానే ఇంట్లో దీపాలన్నీ వెలిగించాల్సిందే.

పెరుగన్నం

పాప గురించి ఎవరూ చెప్పలేదు. ఆమెకి ఏమీ చెయ్యకండి!

లెక్క చూడండి. 9:30 నుంచి 7:15 అంటే 9 గంటల 45 నిమిషాలు. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి 24 గంటల్లో 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. పైగా అలారం పెట్టి లేపాల్సి వస్తోందంటే నిద్ర చాలట్లేదని అర్థం. గడియారం వెనక్కి వెళ్తే 9:30 అనేది 8:30 అవుతుంది, దానంతట అదే. ఆదివారం రాత్రి 8:30కే పడుకోబెట్టండి, ఒళ్లు ఎలాగూ అదే అడుగుతుంది. ఉదయం గది 6:45 దాకా చీకటిగా ఉంచితే రోజుకి అరగంట అదనంగా దొరుకుతుంది.

మన ఇళ్లలో భోజనాలు ఎనిమిదిన్నరకి, పడకలు పదింటికి ఉండే పిల్లలు చాలామంది. వాళ్లకి నవంబర్ వరం లాంటిది. దాన్ని పట్టుకోకుండా మళ్లీ 9:30కి లాగేసేది భోజనమే. రాత్రి భోజనం కొత్త టైమ్ ప్రకారం 7:15కల్లా అయిపోవాలి. పాత అలవాటున గడియారం చూసి 8:30కి కంచం పెడితే ఈ గంట మూడు రోజుల్లో పోతుంది.

అందుకే ఈ చర్చకి వచ్చేవాళ్లంతా ముందు ఒక కాగితం మీద రాసుకోండి: ఏమీ చెయ్యకపోతే కొత్త టైమ్‌లో ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు? ఆ రెండూ మీ ఇంటికి సరిపోతే వదిలెయ్యండి. గడియారం గంట ముందుకి వెళ్లే మార్చిలోనూ ఇంతే. 5:30కి లేచే పిల్లాడు మార్చి మార్పుతో 6:30కి లేస్తాడు, దాన్ని సరిచేసే పనేముంది?

గుంటూరు_టు_జెర్సీ

ఇంత తతంగం ఎందుకండీ. శనివారం రాత్రి ఒక్కసారే గంట ఆలస్యంగా పడుకోబెడితే సరిపోదా? ఈసారి అక్టోబర్ 31 శనివారం, హాలోవీన్. ఎలాగూ తొమ్మిది దాకా వీధిలోనే ఉంటారు.

జోలాలి

మూడేళ్లు దాటిన పిల్లలకి సరిపోతుంది. రెండు మూడు రోజులు కొంచెం చిరాకు పడి సర్దుకుంటారు. ఏడాదిన్నర లోపు పిల్లలకి వద్దు. రోజుకి రెండు నిద్రలుండే వయసులో గంట ఆలస్యం అంటే ఒక్క రాత్రితో తీరదు. ఆదివారం 5కి లేస్తారు, నిద్ర చాలక 8కే మొదటి నిద్రకి వాలిపోతారు, దాంతో రోజంతా గంట పెందలాడే నడుస్తుంది.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. తెల్లవారుజామున లేవడాన్ని అలవాటుగా మార్చేది మొదటి పగటి నిద్ర. 5కి లేచిన పిల్లాడిని 8కి పడుకోబెడితే, రాత్రి నిద్రలో తగ్గింది అక్కడ పూడిపోతుంది. ఇక రాత్రి నిద్ర పొడిగించే అవసరం ఒంటికి ఉండదు. కొత్త టైమ్‌లో మొదటి నిద్ర 9కి ముందు మొదలవ్వకూడదు. 8:15కి కళ్లు నలుపుకుంటుంటే బయటికి తీసుకెళ్లండి, నీళ్లలో ఆడించండి. మొదటి రోజు 8:40 దాకా, రెండో రోజు 8:50 దాకా లాగినా పని జరుగుతుంది.

ఎనిమిది రోజులు ముందే మొదలుపెట్టలేకపోయినవాళ్లకి ఇంకో దారి ఉంది. అక్టోబర్ 29 నుంచి మూడు రోజులు అరగంట ఆలస్యం చేసి, మిగతా అరగంటని మార్పు తర్వాత వారంలో సర్దడం. అంటే ఆదివారం నుంచి మంగళవారం దాకా పడక 6:30కి, బుధవారం నుంచి 6:45కి, శుక్రవారం నుంచి 7కి.

మూడు నెలల లోపు పసికందులకి ఇవేవీ అక్కర్లేదు. పగలు, రాత్రి తేడా తెలిసే గడియారం వాళ్ల ఒంట్లో ఇంకా కుదురుకోలేదు. ఆకలేసినప్పుడు పాలు, పగలు వెలుగు, రాత్రి చీకటి. అంతే.

కృష్ణాతీరం

5కి లేచినప్పుడు ఏం చెయ్యాలో కూడా ఎవరైనా రాయండి. అందరూ "చీకటిగా ఉంచండి" అంటారు, పిల్లాడు క్రిబ్‌లో నిలబడి అరుస్తుంటే?

వెన్నెల_సియాటిల్

ముందు పిల్లాడు నిజంగా టైమ్ మార్పు వల్లే లేచాడా చూడండి. నవంబర్‌లో ఇంకో రెండు కారణాలు దీని వెనక దాక్కుంటాయి. ఒకటి చలి, ఇల్లు ఎక్కువగా చల్లబడేది తెల్లవారుజామునే. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నా పర్వాలేదు, మెడ చల్లగా ఉంటే మందమైన స్లీప్ శాక్ (సంచిలా ఒంటికి తొడిగే నిద్ర దుస్తు) వెయ్యాలి. ఏడాది లోపు పిల్లలకి దుప్పటి, దిండు, టోపీ క్రిబ్‌లో వద్దు. బరువు నింపిన స్లీప్ శాక్‌లు కూడా వాడొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో స్పష్టంగా చెప్పింది. రెండోది డైపర్. రాత్రికి ఒక సైజు పెద్దది వేస్తే 5కి తడిసి లేవడం చాలామటుకు ఆగుతుంది.

రెండూ కాదనుకుంటే, అయిదు నుంచి పది నిమిషాలు ఆగి చూడండి. చాలాసార్లు అది రెండు నిద్రల మధ్య సందు. తర్వాత లోపలికి వెళ్లండి. లైటు వెయ్యొద్దు, ఫోన్ వెలుగు కూడా వద్దు. ఎత్తుకుని హాల్లోకి తేవొద్దు. వీపు నిమిరి, రెండు ముక్కల జోల పాడి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టండి. నిద్రపోకపోయినా 6 దాకా ఆ గదిలోనే, ఆ చీకట్లోనే. 6కి ఒక్కసారిగా కర్టెన్ తీసి, లైటు వేసి, గట్టిగా "తెల్లారింది!" అనండి. తెల్లవారడం అంటే ఏమిటో అంత తేడాగా కనపడాలి.

పాలు. 5కి లేవగానే సీసా అందిస్తే మూడు రోజుల్లో కడుపు 5కి అలారం కొడుతుంది. అంతకుముందు రాత్రి పాలు తాగే అలవాటు లేని పిల్లలకి మొదటి రోజు 5:15, రెండో రోజు 5:30, ఇలా జరుపుకుంటూ 6:15కి తేవాలి. రాత్రి పాలు ఇంకా అవసరమైన పిల్లలకి, బరువు తక్కువని డాక్టర్ చెప్పిన పిల్లలకి ఇది వర్తించదు, అడిగినప్పుడు ఇవ్వండి.

పెరుగన్నం

యంత్రాలు కూడా పిల్లల్ని లేపుతాయి. ఫోన్‌కి కలిపి ఉన్నవి వాటంతట అవే మారతాయి. గోడకి తగిలించిన పాత థర్మోస్టాట్ మారదు. 6కి హీటర్ మొదలయ్యేలా పెట్టి ఉంటే, ఆదివారం 5కే గుర్రుమని శబ్దం చేస్తుంది. పిల్లల గదిలోని రంగు మారే గడియారం, అంటే "పచ్చ లైటు వెలిగితే లేవొచ్చు" అనేది, చాలా మోడళ్లలో చేత్తో మార్చాలి. ఆ మార్పు శనివారం రాత్రే చేసి పెట్టాలి.

రెండున్నర, మూడేళ్లు నిండిన పిల్లలకి ఆ గడియారం బాగా పనిచేస్తుంది. కాకపోతే మొదటి రోజే 6:30కి పెడితే ఓడిపోతారు. పిల్ల 5:30కి లేస్తుంటే 5:35కి పెట్టండి. అయిదు నిమిషాలు ఆగితే పచ్చ లైటు వస్తుందని తెలియాలి. తర్వాత రెండు రోజులకి పది నిమిషాలు జరపండి.

వైట్ నాయిస్ (నిద్ర కోసం పెట్టే సన్నటి హోరు) వాడేవాళ్లు రాత్రంతా ఆగకుండా ఒకే తీరున పెట్టండి. 45 నిమిషాలకి ఆగిపోయే టైమర్ పెడితే తెల్లవారుజామున ప్రయోజనం లేదు. మంచానికి ఏడడుగుల దూరంలో, శబ్దం 50 డెసిబెల్స్ దాటకుండా. వెలుగు రానివ్వని బ్లాకౌట్ కర్టెన్ తగిలించేటప్పుడు తాళ్లు, గొలుసులు క్రిబ్‌కి అందనంత దూరంలో ఉండాలి. కిటికీ పక్కన క్రిబ్ ఉంటే ముందు దాన్ని జరపండి.

గోదారిగట్టు

డేకేర్ సంగతి. 11 నెలలంటే ఇంకా చంటిపిల్లల గదిలోనే ఉంటాడు, అక్కడ ఎవరికి నిద్రొస్తే వాళ్లని పడుకోబెడతారు. 26వ తేదీ సోమవారం ఒక చీటీ ఇవ్వండి: "ఈ రెండు రోజులూ మొదటి నిద్ర 9:45, రెండోది 2:30, సాయంత్రం 4 తర్వాత నిద్ర వద్దు." బుధవారం, శుక్రవారం చీటీ మార్చండి. నోటిమాటగా చెప్తే మధ్యాహ్నం షిఫ్టుకి వచ్చే టీచర్‌కి చేరదు.

ఇంకోటి. చాలా డేకేర్లు ఏడాది నిండగానే పిల్లల్ని పై వయసు పిల్లల గదికి మారుస్తాయి. అక్కడ అందరికీ కలిపి 12:30 ప్రాంతంలో ఒకే నిద్ర. ఆ మార్పు, గడియారం మార్పు ఒకే వారంలో పడకుండా చూసుకోండి, రెండు మూడు వారాలు ఆగమని అడగొచ్చు.

కారులో కునుకు గురించి జాగ్రత్త. మార్పు తర్వాత వారంలో సాయంత్రం 5కి ఇంటికి తెస్తుంటే బాబు ఒంటికి అది ఇంకా 6లా ఉండొచ్చు. అలసట, కారు ఊపు కలిసి పది నిమిషాలు కునుకు పడితే 7కి పడక పోయినట్టే. కిటికీ అద్దం కొంచెం దించండి, పక్కన అక్క ఉంటే మాట్లాడించమనండి. పడుకునే ఉంటే ఇంటికి రాగానే కార్ సీట్లోంచి తీసెయ్యండి.

బోథెల్_బామ్మ

నూనె స్నానం మాట ఎవరూ ఎత్తలేదు. శనివారం పొద్దున్నే నలుగు పెట్టి నీళ్లు పోస్తే పిల్లలు రెండేసి గంటలు ఒళ్లు తెలియకుండా పడుకుంటారు, ఆ నిద్ర పొద్దుటి పూటే ఖర్చయిపోతుంది. 31న ఆ స్నానం మధ్యాహ్నానికి మార్చండి, రెండో నిద్రకి అరగంట ముందు. రెండో నిద్ర బాగా పడితే రాత్రి 8 దాకా మేలుకోవడం కష్టం కాదు.

ఇండియాకి ఫోన్లు. అక్కడ గడియారం మారదు. ఇప్పుడు డల్లాస్‌కీ ఇండియాకీ తేడా పదిన్నర గంటలు, నవంబర్ 1 నుంచి పదకొండున్నర. తాతయ్య రోజూ ఉదయం 6కి వీడియో కాల్ చేస్తుంటే, ఇప్పుడు అది డల్లాస్‌లో రాత్రి 7:30, బాబు పడుకునే ఉంటాడు. మారాక సాయంత్రం 6:30, సరిగ్గా పడకకి అరగంట ముందు, లైట్లు మసక చెయ్యాల్సిన వేళ. ఆ ముఖాలు చూస్తే పిల్లలకి ఉత్సాహం ఆగదు. ఉదయానికి మార్చుకోండి: డల్లాస్‌లో 7:30 అంటే అక్కడ రాత్రి 7. బాబు నిద్ర లేచి, పాలు తాగి హుషారుగా ఉండే టైమ్.

కృష్ణాతీరం

మెలటోనిన్ గమ్మీలు (నమిలే మిఠాయిలాంటి బిళ్లలు) అన్ని షాపుల్లో అమ్ముతున్నారు. ఆ ఒక్క వారం నాలుగేళ్ల పిల్లలకి ఇవ్వొచ్చా?

వెన్నెల_సియాటిల్

పీడియాట్రిషన్‌ని అడగకుండా వద్దు. అమెరికాలో అది మందుగా కాక సప్లిమెంట్‌గా అమ్ముడవుతుంది, డబ్బా మీద రాసినంతే లోపల ఉంటుందన్న నమ్మకం లేదు. 2023లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో 25 రకాల గమ్మీలు తీసుకుంటే 22 రకాల్లో రాసిన మోతాదుకీ ఉన్నదానికీ తేడా ఉంది. ఒక గంట మార్పు కోసం అది అవసరమూ కాదు. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే డబ్బా పిల్లలకి అందని చోట పెట్టండి, చూడ్డానికి అచ్చం మిఠాయిలా ఉంటుంది.

గోదారిగట్టు

మందుల మాటొచ్చింది కాబట్టి. ఆ రాత్రి పిల్లలకి జ్వరం ఉంటే గడియారం చూసి మందు వెయ్యొద్దు, గంటలు లెక్కపెట్టండి. నవంబర్‌లో 1:30 రెండుసార్లు వస్తుంది. "మొదటి 1:30కి వేశాం" అని కాగితం మీద రాయండి, లేకపోతే నిద్రమత్తులో ఇద్దరూ తలొకసారి వేసే ప్రమాదం ఉంది. మార్చిలో ఇంకా జాగ్రత్త. రాత్రి 1కి వేసిన మందు నాలుగు గంటలకి మళ్లీ వెయ్యాలంటే గడియారంలో 5 కాదు, 6. 5కి గడిచింది మూడు గంటలే.

ఫ్రిస్కో_అమ్మ (డల్లాస్)

అందరికీ చాలా థాంక్స్. బాబుకి 24 నుంచి మొదలుపెడతాను, పాపని అలాగే వదిలేస్తాను. వచ్చే మార్చి 14కి ఇదే పద్ధతి తిప్పి చేస్తే సరిపోతుందా?

జోలాలి

పూర్తిగా తిప్పి చేస్తే కుదరదు. నవంబర్‌లో రాత్రి పడకతో మొదలుపెట్టాం. మార్చిలో పొద్దున లేపడంతో మొదలుపెట్టాలి. నిద్ర రాని పిల్లాడిని పావుగంట పెందలాడే పడుకోమంటే పడుకోడు, క్రిబ్‌లో ఆడుతూ కూర్చుంటాడు. పావుగంట పెందలాడే లేపితే మాత్రం రాత్రికి నిద్ర అదే వస్తుంది. మార్చి 6 శనివారం నుంచి రెండు రోజులకి 15 నిమిషాల చొప్పున పెందలాడే లేపండి, లేవగానే కర్టెన్లు తీసెయ్యండి, పాలు కిటికీ దగ్గర కూర్చుని పట్టండి. మార్పు తర్వాత డల్లాస్‌లో సూర్యోదయం 7:40 ప్రాంతంలో కాబట్టి అప్పటిదాకా ఇంట్లో లైట్లన్నీ వెయ్యాలి. సాయంత్రం గదులు గంట ముందే మసక. రెండో నిద్ర 15 నిమిషాలు తగ్గించి లేపొచ్చు, మొదటిది ముట్టుకోవద్దు. అప్పటికి బాబుకి ఏడాది దాటి మూడు నాలుగు నెలలు, ఒక్క నిద్రకి మారే వయసు. మారిపోయి ఉంటే ఆ ఒక్క నిద్రా గంటన్నరకి తగ్గకుండా చూడండి.

పెరుగన్నం

ఈసారి దీపావళి నవంబర్ 8 ఆదివారం, మార్పు జరిగి సరిగ్గా వారం. చీకటి 5:45కల్లా పడుతుంది కాబట్టి పూజ, దీపాలు, మతాబులు 6:30కి ముగించుకోవచ్చు, బాబు పడక వేళ తప్పిపోదు. కాకరపువ్వొత్తి వెలుగు, చప్పుడు అయ్యాక కనీసం అరగంట మసక గదిలో ఉంచి అప్పుడు పడుకోబెట్టండి. ఆ రాత్రి ఆలస్యమైనా సోమవారం పొద్దున మామూలు టైమ్‌కే లేపండి.